తెల్లాపూర్ వైపు కారు లేకుండా ఉండాలంటే: ముందు లింగంపల్లి నుంచి ఇంటి దాకా లెక్క తేల్చుకోండి

మీ ప్రశ్న ఇది: హైదరాబాద్‌లో నల్లగండ్ల దాటాక తెల్లాపూర్ రోడ్డు మీద ఫ్లాట్ అద్దెకు చూస్తున్నారు. కారు లేదు. ఇంట్లో ఒకరి ఆఫీసు రాయదుర్గం మెట్రో దగ్గర, ఇంకొకరిది ఖైరతాబాద్‌లో. కాకినాడ నుంచి పెద్దవాళ్లు వస్తూ పోతూ ఉంటారు. బస్సు, రైలు, మెట్రోలతో గడిచిపోతుందా?

గడుస్తుంది. కాకపోతే తెల్లాపూర్ అంతటా ఒకేలా గడవదు. ఒకే రోడ్డు మీద అర కిలోమీటరు తేడాతో ఉన్న రెండు ఫ్లాట్లలో ఒకటి హాయిగా ఉంటుంది, రెండోది ఆరు నెలల్లో కారు కొనిపిస్తుంది. ఆ తేడా లింగంపల్లి నుంచి మీ గుమ్మం దాకా ఉన్న నాలుగైదు కిలోమీటర్లలో ఉంది. లింగంపల్లి చేరాక ఊరంతటికీ దారులున్నాయి. ఇబ్బందంతా ఆ చివరి ముక్కలోనే. అందుకే ఆఫీసు వైపు నుంచి కాకుండా ఇంటి వైపు నుంచి లెక్క మొదలుపెట్టండి.

ముందు ఈ ప్రాంతం అమరిక చూడండి. లింగంపల్లి స్టేషన్‌కు ఉత్తరాన ముంబై హైవే, చందానగర్, బీహెచ్‌ఈఎల్, రామచంద్రాపురం ఉన్నాయి. దక్షిణాన శేరిలింగంపల్లి, నల్లగండ్ల, గోపన్‌పల్లి, సెంట్రల్ యూనివర్సిటీ. మీరు చూస్తున్న ఫ్లాట్లు దక్షిణం వైపువి. రైల్లో వచ్చి అలవాటు కొద్దీ హైవే వైపు దిగితే, ఆటో మళ్లీ పట్టాలు దాటి రావాలి. దాటడానికి ముఖ్యంగా రెండే దారులు: లింగంపల్లి అండర్‌బ్రిడ్జి, నల్లగండ్ల ఫ్లైఓవర్. పెద్ద వాన పడితే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి, పోలీసులు రాకపోకలు ఆపేస్తారు. అప్పుడు బండ్లన్నీ ఫ్లైఓవర్ మీదికే వచ్చిపడతాయి. స్టేషన్‌లోనే పాదచారుల వంతెన ఎక్కి దక్షిణం వైపు దిగడం అలవాటు చేసుకుంటే ఈ బాధ సగం తప్పుతుంది.

లింగంపల్లి నుంచి తెల్లాపూర్ ఊరు సుమారు 5 కిలోమీటర్లు, కొల్లూరు 8 దాకా ఉంటుంది. ఈ మధ్యలో నడిచేవి ఆర్టీసీ బస్సులు, షేర్ ఆటోలు, మాట్లాడుకునే ఆటోలు, బైక్ ట్యాక్సీలు. నల్లగండ్ల దాకా షేర్ ఆటోలు బాగానే దొరుకుతాయి. అక్కడి నుంచి పడమరకు వెళ్లేకొద్దీ పలచబడతాయి, చీకటి పడ్డాక మరీ తగ్గుతాయి. షేర్ ఆటో నిండితేనే కదులుతుంది, మధ్యాహ్నం పూట నిండటానికి చాలాసేపు పడుతుంది. అందుకే పగలు పదకొండింటికి ఫ్లాట్ చూడటానికి వెళ్లి ‘ఆటోలు ఉన్నాయి’ అని నిర్ధారణకు రావద్దు. మీరు నిజంగా బయలుదేరే సమయానికి, వారం మధ్యలో ఒకరోజు పొద్దున, తిరిగొచ్చే సమయానికి ఒక సాయంత్రం చూడండి. శనివారం చూస్తే లెక్క తప్పుతుంది.

చూసేటప్పుడు గేటు నుంచి కాకుండా టవర్ లిఫ్టు దగ్గర నుంచి టైము పట్టండి. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో వెనక టవర్ నుంచి మెయిన్ గేటుకే ఐదు నుంచి ఎనిమిది నిమిషాల నడక. గేటు నుంచి బస్సు ఆగే చోటు ఇంకో అర కిలోమీటరు ఉంటే మరో ఆరేడు నిమిషాలు. అరగంటకో బస్సున్న రూట్లో చూసుకోకుండా వెళ్తే సగటున పావుగంట నిలబడాలి. ఇవన్నీ కలిపితే బస్సు ఎక్కకముందే అరగంట అయిపోతుంది. బ్రోకర్లు చెప్పే ‘స్టేషన్‌కి పది నిమిషాలు’ అన్నది ఖాళీ రోడ్డు మీద కారు లెక్క. నా సలహా ఏమిటంటే, అద్దె రెండు వేలు ఎక్కువైనా నల్లగండ్ల మెయిన్ రోడ్డుకు నడిచి వెళ్లగలిగే ఇల్లు తీసుకోండి. రోజూ రెండు పూటలా ఆటో మాట్లాడుకుంటే ఆ రెండు వేలు నెల సగానికి ముందే దాటిపోతాయి.

ఆ దూరంలో దొరకకపోతే రెండో మార్గం స్కూటర్ ఒక్కటి పెట్టుకుని, లింగంపల్లి స్టేషన్ పార్కింగ్‌లో వదిలి రైలెక్కడం. రైలు టైముకు చేరడమన్నది మీ చేతిలో ఉండేది ఈ పద్ధతిలోనే. సైకిల్ కూడా పనికొస్తుంది కానీ తెల్లాపూర్ రోడ్డు మీద టిప్పర్లు, కాంక్రీటు మిక్సర్లు ఎక్కువ. చీకట్లో ఆ రోడ్డు మీద సైకిల్ వద్దు.

ఇక రాయదుర్గం. మ్యాప్‌లో మెట్రో గీతలు చూసి చాలామంది మియాపూర్ వెళ్లి మెట్రో ఎక్కుదామనుకుంటారు. ఈ ప్రయాణానికి అది పనికిరాదు. మియాపూర్ నుంచి ఎర్ర లైన్ కూకట్‌పల్లి, మూసాపేట మీదుగా అమీర్‌పేట వెళ్తుంది. అక్కడ నీలం లైన్‌కు మారి జూబ్లీహిల్స్, మాధాపూర్, హైటెక్ సిటీ మీదుగా మళ్లీ పడమటికి రావాలి. ఇరవై స్టేషన్లు తిరిగి, ఇంటికి పది పన్నెండు కిలోమీటర్లలో ఉన్న చోట దిగుతారు. మీకు సరిపోయేది రోడ్డు దారి. లింగంపల్లి నుంచి సెంట్రల్ యూనివర్సిటీ, గచ్చిబౌలి, రాయదుర్గం, షేక్‌పేట, టోలిచౌకి మీదుగా మెహదీపట్నం వెళ్లే 216 నంబరు బస్సులు. ఈ నంబరుకు తోక అక్షరాలతో రకరకాల బస్సులున్నాయి, వాటి దారులు కొంచెం కొంచెం తేడా. నంబరు ఒక్కటే చూసి ఎక్కకండి, బోర్డు మీద చివరి ఊరూ మధ్య ఊరూ చదివి, రాయదుర్గం వెళ్తుందా అని కండక్టర్‌ను అడిగి ఎక్కండి. కొన్ని ట్రిప్పులు హెచ్‌సీయూ (సెంట్రల్ యూనివర్సిటీ) డిపో దగ్గరే ఆగిపోతాయి. తిరుగు ప్రయాణంలో ఇది గుర్తుంచుకోవాలి, లేకపోతే రాత్రిపూట డిపో ముందు దిగి ఇంకో బస్సు కోసం చూడాల్సి వస్తుంది.

ఆఫీసు బయోడైవర్సిటీ కూడలి వైపు ఉంటే బస్సు దిగి నడవచ్చు. మెట్రో స్టేషన్‌కు అవతల ఉంటే గచ్చిబౌలిలో దిగి ఇంకో బస్సో షేర్ ఆటోనో చూసుకోవడం మేలు. విప్రో సర్కిల్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అయితే లింగంపల్లి దాకా రానక్కరలేదు. నల్లగండ్ల నుంచి గోపన్‌పల్లి, గౌలిదొడ్డి మీదుగా దగ్గర దారి ఉంది. 2024 జులైలో గోపన్‌పల్లి తండా ఫ్లైఓవర్ తెరిచాక అక్కడి కూడలిలో ఆగే సమయం తగ్గింది. ఆ దారిలో బస్సులు తక్కువ కాబట్టి టైము చూసుకుని బయటికి రావాలి.

ఇక్కడ కొత్తవాళ్లు తరచూ చిక్కుకునే సంగతి ఒకటుంది. హైటెక్ సిటీ అనే పేరుతో రెండు స్టేషన్లున్నాయి. మెట్రో స్టేషన్ సైబర్ టవర్స్ పక్కన. ఎంఎంటీఎస్, అంటే సిటీ లోకల్ రైళ్ల స్టేషన్ అక్కడికి ఉత్తరంగా సుమారు మూడు కిలోమీటర్లు. లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్‌లో చందానగర్, హఫీజ్‌పేట, మూడోది హైటెక్ సిటీ. పావుగంటలో చేరతారు. కానీ దిగాక సైబర్ టవర్స్‌కు బస్సో ఆటోనో ఎక్కాల్సిందే. మాధాపూర్‌లో పని ఉన్నవాళ్లకు ఇది మంచి దారే, రాయదుర్గానికి మాత్రం 216 ముందు నిలవదు.

ఖైరతాబాద్ వెళ్లేవారికి ఎంఎంటీఎస్ కంటే మంచిది లేదు. లింగంపల్లిలో రైలు మొదలయ్యేదే కాబట్టి సీటు దొరుకుతుంది. బేగంపేట, నెక్లెస్ రోడ్ దాటి ఖైరతాబాద్‌లో దిగడమే. ఇక్కడ తప్పు జరిగే చోటు బేగంపేట. లింగంపల్లి నుంచి బయలుదేరిన రైళ్లు బేగంపేట దాకా ఒకే దారిలో వస్తాయి. ఆ తర్వాత కొన్ని నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లి వెళ్తాయి. మిగతావి సంజీవయ్య పార్క్, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్ వెళ్తాయి, వాటిలో కొన్ని అటు నుంచి ఫలక్‌నుమా వైపు సాగుతాయి. నాంపల్లి రైలు బోర్డు మీద ‘హైదరాబాద్’ అని ఉంటుంది. ఖైరతాబాద్‌కు అదే ఎక్కాలి. సికింద్రాబాద్ రైలు ఎక్కేసి ఉంటే కంగారు పడకుండా బేగంపేటలో దిగండి. దగ్గరలోనే బేగంపేట మెట్రో ఉంది, ఒక్క స్టేషన్ వెళ్తే అమీర్‌పేట, అక్కడ ఎర్ర లైన్‌కు మారితే ఖైరతాబాద్. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పనులకైతే ఖైరతాబాద్ దాకా రైల్లో వచ్చి అక్కడి నుంచి మెట్రో ఎక్కడం సుఖం. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ వైపు పనుంటే భరత్‌నగర్‌లో మారండి, అక్కడ కూడా రైలు, మెట్రో స్టేషన్లు రెండూ దగ్గర దగ్గరే.

ఎంఎంటీఎస్ లోపం చౌకదనంలోనో వేగంలోనో లేదు, రైళ్ల మధ్య విరామంలో ఉంది. మెట్రోలా నిమిషాల లెక్కన రావు. ఒకటి తప్పితే తర్వాతది ఎప్పుడో టైంటేబుల్ చూస్తేనే తెలుస్తుంది. రద్దీ వేళల్లో ఫర్వాలేదు, మధ్యాహ్నం ఖాళీలు పెద్దవి. ఆదివారాలు, పట్టాల మరమ్మతులున్న రోజులు కొన్ని రైళ్లు రద్దవుతాయి. దక్షిణ మధ్య రైల్వే ముందుగా ప్రకటిస్తుంది కానీ చూడాల్సిన బాధ్యత మీదే. కాబట్టి మీకు కావలసిన రైలు ఒకటి, దాని ముందుది ఒకటి, వెనకది ఒకటి, ఈ మూడింటి టైములు నోటికి వచ్చి ఉండాలి. ఇంటి నుంచి బయలుదేరే సమయం వెనకది దృష్టిలో పెట్టుకుని కాదు, ముందుది అందేలా పెట్టుకోండి.

సెకండ్ క్లాస్ టికెట్ దూరాన్ని బట్టి 5 నుంచి 15 రూపాయల లోపే. రోజూ వెళ్లేవాళ్లు నెలవారీ సీజన్ టికెట్ తీసుకోవాలి. విడిగా కొనాలంటే రైల్‌వన్ యాప్‌లో కొనవచ్చు. ప్లాట్‌ఫారం మీదికి చేరాకో రైలెక్కాకో కొందామంటే యాప్ ఒప్పుకోదు, స్టేషన్ చేరకముందే కొనాలి, లేదా స్టేషన్‌లో అంటించిన క్యూఆర్ కోడ్‌తో కొనాలి. ఇంకో జాగ్రత్త: లింగంపల్లి నుంచి ఎక్స్‌ప్రెస్ బండ్లు కూడా అదే పట్టాల మీద పోతాయి. ఎంఎంటీఎస్ టికెట్‌తో సూపర్‌ఫాస్ట్ బండి ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క. కనీసం 250 రూపాయల జరిమానా, దాని మీద చార్జీ.

‘తెల్లాపూర్‌లోనే రైల్వే స్టేషన్ ఉంది కదా’ అని మీకు ఎవరో ఒకరు చెప్తారు. ఉంది. ఎంఎంటీఎస్ రెండో దశలో తెల్లాపూర్ నుంచి రామచంద్రాపురం లైను కూడా వాడుకలోకి వచ్చింది. కానీ అటు నడిచేవి రోజుకు కొద్ది ట్రిప్పులే. మీ టైముకు కలిసొచ్చిన రోజున వాడుకోండి, దాన్ని నమ్ముకుని ఇల్లు తీసుకోవద్దు.

మెట్రో రెండో దశ కూడా అంతే. మియాపూర్ నుంచి పటాన్‌చెరుకు, రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్‌కు లైన్లు ప్రతిపాదనలో ఉన్నాయి. అవి వచ్చినా మొదటిది పట్టాలకు ఉత్తరాన హైవే వెంట, రెండోది మీకు దక్షిణాన. ఏదీ తెల్లాపూర్ రోడ్డు మీదికి రాదు. ఆ పేరు చెప్పి అద్దె పెంచితే ఒప్పుకోనక్కరలేదు.

చార్జీల సంగతి క్లుప్తంగా. ఆర్టీసీ సిటీ పాస్ 2025 జూన్ సవరణ తర్వాత నెలకు ఆర్డినరీ 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1,600, మెట్రో డీలక్స్ 1,800. మీ దారిలో ఏ బస్సు ముందొస్తే అది ఎక్కాల్సిన పరిస్థితి కాబట్టి ఆర్డినరీ పాస్‌తో సరిపెట్టుకోకుండా మెట్రో ఎక్స్‌ప్రెస్ పాస్ తీసుకోండి, దానితో ఆర్డినరీ కూడా ఎక్కవచ్చు. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపాలి, ఫోన్‌లో ఫొటో చెల్లదు. ఆధార్ ఇంకా కాకినాడ చిరునామాతో ఉంటే ముందు మార్పించుకోండి. కార్డు చూపాక జీరో టికెట్ (డబ్బు తీసుకోకుండా ఇచ్చే టికెట్) తప్పకుండా అడిగి తీసుకోండి. మీ రూట్లో ఆడవాళ్లు ఎంతమంది ఎక్కుతున్నారో డిపోకు తెలిసేది ఆ టికెట్ల లెక్కతోనే. డీలక్స్, ఏసీ, విమానాశ్రయానికి వెళ్లే పుష్పక్ బస్సుల్లో ఈ సౌకర్యం లేదు. మెట్రో టికెట్ 2025 మే తర్వాత కనిష్ఠం 11, గరిష్ఠం 69 రూపాయలు.

బస్సు ఎక్కడుందో ఆర్టీసీ గమ్యం యాప్‌లో కనిపిస్తుంది. అన్ని బస్సులూ అందులో సరిగా కనిపించవు. యాప్‌లో లేనంత మాత్రాన బస్సు రాదని కాదు, కనిపించిందంటే మాత్రం వస్తున్నట్టే.

పెద్దవాళ్ల ప్రయాణం విషయంలో మీరున్న చోటు నిజంగా అదృష్టం. కాకినాడ నుంచి వచ్చే గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వస్తుంది. విశాఖ జన్మభూమి, తిరుపతి నారాయణాద్రి కూడా లింగంపల్లి బండ్లే. చివరి స్టేషన్ కాబట్టి సామాను తొందర లేకుండా దించుకోవచ్చు, నిద్రపోయి స్టేషన్ దాటిపోతామన్న భయం లేదు. టికెట్ బుక్ చేసేటప్పుడు మాత్రం అలవాటుగా సికింద్రాబాద్ అని పెట్టకండి. సికింద్రాబాద్ దాకా ఉన్న టికెట్‌తో లింగంపల్లి దాకా కూర్చుంటే అది టికెట్ లేని ప్రయాణమే. పైగా ఇప్పుడు కొన్ని బండ్లు సికింద్రాబాద్ రాకుండా చర్లపల్లి, మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి వస్తున్నాయి. ఆ విషయం తెలియక బేగంపేటలోనో సికింద్రాబాద్‌లోనో ఎదురుచూస్తూ నిలబడేవాళ్లున్నారు.

2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక చాలా బండ్లు అక్కడే మొదలై అక్కడే ముగుస్తున్నాయి. చర్లపల్లి ఊరికి ఆ చివర, మీరు ఈ చివర. టికెట్ మీద ‘చర్లపల్లి’ అని ఉంటే ముందు అదే రోజు లింగంపల్లి నుంచి బయలుదేరే బండి ఏదైనా ఉందేమో చూసి మార్చుకోండి. తప్పకపోతే ఎంఎంటీఎస్‌లో సికింద్రాబాద్ వెళ్లి, అక్కడి నుంచి 250సీ బస్సు. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్‌కే ముప్పావు గంట దాటుతుంది, మారడానికి, బస్సుకు, ట్రాఫిక్‌కు కలిపి ఇంటి నుంచి మూడు గంటల ముందు బయలుదేరాలి. ఘట్‌కేసర్ వైపు నుంచి చర్లపల్లి మీదుగా లింగంపల్లికి నేరుగా ఎంఎంటీఎస్ ఉంది కానీ ట్రిప్పులు బహు తక్కువ. కలిసొస్తే సామానుతో మారే పని తప్పుతుంది, అందుకని ఆ టైము ఒకసారి చూడటం మరవకండి.

బస్సుల్లో వచ్చేవాళ్లను అమీర్‌పేటలో దిగమనకండి. విజయవాడ వైపు నుంచి వచ్చే ఆర్టీసీ, ప్రైవేటు బస్సులు చాలావరకు మియాపూర్, చందానగర్, బీహెచ్‌ఈఎల్ దాకా వస్తాయి. కొన్ని ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి నుంచి వస్తాయి, అవైతే తెల్లవారుజామున ఊరి మధ్య తిరిగే సమయం మిగులుతుంది. విమానాశ్రయానికి మియాపూర్ వైపు నుంచి ఔటర్ మీదుగా వెళ్లే పుష్పక్ బస్సు గచ్చిబౌలిలో ఎక్కవచ్చు.

రాత్రి సంగతి. మెట్రో చివరి రైలు చివరి స్టేషన్ల నుంచి 11 గంటల ప్రాంతంలో బయలుదేరుతుంది. కానీ అది మిమ్మల్ని దించేది మియాపూర్‌లోనో రాయదుర్గంలోనో. అక్కడి నుంచి ఇల్లు పది కిలోమీటర్ల పైమాటే, ఆ వేళకు బస్సు ఉండదు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత తిరిగొచ్చే రోజులు వారానికి రెండు దాటేట్టయితే ఆ ఖర్చు క్యాబ్ లెక్కలోనే వేసుకోండి. ఒంటరిగా ఆటోలో వెళ్లే ఆడవాళ్లు తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ వాడుకోవచ్చు. 100కి ఫోన్ చేసి 8 నొక్కితే మీ ప్రయాణాన్ని గమ్యం దాకా గమనిస్తారు. ఊరు చివరి రోడ్లలో వీధిదీపాలు లేని ముక్కలున్నాయి కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు.

ఇల్లు తీసుకున్నాక చేయాల్సిన పని కూడా ఒకటుంది, ఇది మీ ఒక్కరితో అయ్యేది కాదు. ఇన్ని వేల కుటుంబాలున్నా ఇటు బస్సులు ఎందుకు తక్కువ? పొద్దున ఆఫీసుల వైపు నిండుగా వెళ్లే బస్సు తిరిగి ఖాళీగా రావాలి. డిపో చూసేది రెండు అంకెలు: కిలోమీటరుకు ఎంత రాబడి, సీట్లలో ఎంత శాతం నిండింది. ఒకవైపు ఖాళీగా నడిచే ట్రిప్పు రెండింటిలోనూ దెబ్బతింటుంది. ‘మాకు బస్సు కావాలి’ అని రాసిన అర్జీ అందుకే పక్కకు పోతుంది. ఫ్లాట్లవాళ్ల అసోసియేషన్ తరఫున డిపో మేనేజర్‌కు రాసేటప్పుడు ఏ టైములో, ఏ గేటు దగ్గర, ఎంతమంది, ఎక్కడికి అన్నది పట్టికగా ఇవ్వండి. పక్కపక్కన ఉన్న నాలుగైదు కమ్యూనిటీలు కలిసి ఒకే అర్జీ ఇస్తే ఇంకా మంచిది. తిరుగు ట్రిప్పులో ఎవరెక్కుతారో కూడా రాయండి: ఇళ్లలో పనికి వచ్చేవాళ్లు, సెక్యూరిటీ సిబ్బంది, స్కూళ్ల ఆయాలు, డ్రైవర్లు. కొల్లూరులో 2023లో ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల వాళ్లకు కూడా ఇదే రోడ్డు కావాలి. వాళ్లను కలుపుకుంటే బస్సు రెండు వైపులా నిండుతుంది.

బస్సు ఎక్కడ తిరుగుతుందో కూడా చెప్పండి. పన్నెండు మీటర్ల బస్సు రివర్స్ చేయకుండా తిరగడానికి చోటు లేకపోతే డ్రైవర్లు ఒప్పుకోరు. స్టాపు దగ్గర పార్క్ చేసిన కార్లు, పోసిన మట్టి కుప్పలు తీయించి ఫొటోలు జతచేయండి. ట్రిప్పు ఇచ్చారంటే మొదటి కొన్ని వారాలే పరీక్ష. ఆ రోజుల్లో వాట్సాప్ గ్రూపులో బస్సు టైము రోజూ పెట్టి, ఎక్కగలిగినవాళ్లందరూ ఎక్కండి. ఒకసారి తీసేసిన ట్రిప్పును మళ్లీ వేయించడం కొత్తది అడగడం కంటే కష్టం.